విట్‌మన్ కౌంటీ గుట్టల మట్టి: ఒకే పొలంలో మూడు రంగులు ఎందుకు?

విశ్రాంతి — ఆగస్టు 19, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా అమ్మాయి అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం ఆగ్నేయ మూలన పుల్‌మన్ అనే ఊళ్లో ఉంటోంది. రెండు నెలలు అక్కడ ఉండి మొన్ననే తిరిగి వచ్చాను. ఆ ఊరు విట్‌మన్ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి, దానికి ముఖ్య పట్టణం కోల్‌ఫాక్స్. ఆ చుట్టుపక్కల ప్రాంతాన్నంతా పలూస్ అంటారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పంట రుణాలు చూసినవాడిని కాబట్టి ఎక్కడికి వెళ్లినా నా కళ్లు ముందు నేల మీదకే పోతాయి.

బోర్లించిన మూకుళ్లు వరసగా పేర్చినట్టు గుట్ట వెనక గుట్ట. మనిషి నిటారుగా ఎక్కితే ఆయాసం వచ్చే వాలు మీద కూడా గోధుమ వేశారు. గట్టు లేదు, కాలువ లేదు, బోరు లేదు. నేనున్న జూన్, జూలై నెలల్లో వాన అనదగ్గది రెండుసార్లు పడిందేమో. పైరు మాత్రం నిండుగా ఉంది. పంట వేయకుండా దున్ని వదిలేసిన ఒక పొలం దగ్గర కారు ఆపించి చూశాను. గుట్ట నెత్తిన మట్టి పసుపు రంగు, నడుమ గోధుమ రంగు, కింద పల్లంలో నల్లగా ఉంది. పొలం ఒకటే, రైతూ ఒకరే.

నీళ్లు లేకుండా పంట ఎలా వస్తోంది, మూడు రంగులు ఎందుకు ఉన్నాయి, ఆ మట్టి అసలు ఏ రకం? తెలిసినవారు చెప్పగలరు.

రేగడి రైతు — ఆగస్టు 19, ఉదయం 9:15

నల్లమట్టి, నీళ్లు లేకపోయినా పంట అంటున్నారు కాబట్టి అది రేగడే అయి ఉంటుంది. మేము చలికాలంలో శనగ వేస్తే ఒక్క వాన పడకపోయినా నేలలో ఉన్న పదునుకే పండుతుంది. ఇందులో నాకు వింతేమీ కనపడలేదు.

నిలువుగీత — ఆగస్టు 19, ఉదయం 10:02

పై మిత్రులు చెప్పింది నిజం. దానికి ఆధారం కూడా ఉంది. ఆ కౌంటీ అడుగున ఉన్నదంతా బసాల్ట్ రాయి. కొలంబియా నది బసాల్ట్ అంటారు, సుమారు కోటి అరవై లక్షల ఏళ్ల కిందట పారిన లావా. మన దక్కన్‌లో లావా రాయి చివికి రేగడి అయినట్టే అక్కడా అయింది. పసుపు రంగు ఇనుము వల్ల వచ్చి ఉంటుంది. ఇక చర్చించడానికేమీ లేదనుకుంటాను.

మృత్తిక — ఆగస్టు 19, రాత్రి 9:48

ఉంది, నిలువుగీత గారూ, చాలానే ఉంది. మృత్తికా శాస్త్రం చదువుతూ ఆ గుట్టల్లో నాలుగేళ్లు ఆగర్ (నేలలోకి తిప్పి దించి మట్టి నమూనా తీసే పనిముట్టు) పట్టుకుని తిరిగాను, అందుకని కొంచెం విపులంగా చెబుతాను.

అడుగున బసాల్ట్ ఉన్న మాట నిజమే. కానీ ఆ మట్టికి ఆ రాయితో తల్లీబిడ్డల సంబంధం లేదు, అద్దె ఇంటి సంబంధమే. మట్టి అంతా గాలికి కొట్టుకొచ్చి రాయి మీద పడింది. దీన్ని లోయస్ అంటారు. హిమయుగాల్లో నైరుతి దిక్కున, వరద నీళ్లు నిలిచి ఇంకిన చోట్ల, మెత్తటి ఒండ్రు ఆరిపోయి ఉండేది. నైరుతి గాలులు దాన్ని ఎత్తి తెచ్చి ఇక్కడ పోశాయి. కొన్నిచోట్ల ఆ పొర మందం 200 అడుగులు దాటుతుంది. విశ్రాంతి గారు చూసిన గుట్టల్లో చాలావాటి లోపల రాతి కొండ ఉండదు, పైనుంచి లోపలి దాకా దుమ్మే.

రేగడితో తేడా చేతిలో తెలిసిపోతుంది. తడి రేగడి ముద్ద వేళ్లకు అంటుకుంటుంది, నులిమితే తాడులా సాగుతుంది. ఎండితే కాలు దిగేంత నెర్రెలు విచ్చుతుంది, ఎందుకంటే అందులో తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే బంకమన్ను ఎక్కువ. పలూస్ మట్టిని చిటికెడు తడిపి బొటనవేలితో రుద్దండి, మైదాపిండిలా నున్నగా జారుతుంది. ఇసుక గరగర ఉండదు, బంక జిగట కొద్దిగానే ఉంటుంది. బంకమన్నుకూ ఇసుకకూ నడుమ ఉండే సన్నటి ఒండ్రు రేణువులే అందులో ఎక్కువ. గరప నేల అనే మాట దీనికి దగ్గరగా సరిపోతుంది.

ఇక నలుపు. అది రాయి ఇచ్చింది కాదు, గడ్డి ఇచ్చింది. గోధుమ రాకముందు అక్కడ వేల ఏళ్లపాటు గుత్తులుగా పెరిగే గడ్డి మైదానం ఉండేది. ఏటా చచ్చే వేళ్లు మట్టిలోనే కుళ్లి సేంద్రియ పదార్థమై పేరుకున్నాయి. అందుకే శాస్త్రీయ వర్గీకరణలో రేగడి వర్టిసాల్ అయితే ఇది మోలిసాల్. రెండూ నల్లగా ఉన్నంత మాత్రాన చుట్టాలు కావు.

నీటి సంగతి. ఈ మట్టి ఒక్క అడుగు లోతుకు సుమారు రెండు అంగుళాల నీటిని పంటకు అందేలా దాచుకుంటుంది. శీతాకాలపు గోధుమ వేళ్లు ఆరు అడుగుల దాకా దిగుతాయి. లెక్క మీరే కట్టుకోండి. వాన, మంచు చాలావరకు నవంబరు నుంచి వసంతం దాకానే పడతాయి. మీరు చూసిన జూలై పైరు తాగింది జనవరి నీళ్లు.

చిట్టి — ఆగస్టు 19, రాత్రి 10:20

గాలి 200 అడుగుల మట్టి పోసిందా? మా ఇంటి అటక మీద పదేళ్లుగా తుడవని చోట కూడా అంత లేదు.

మృత్తిక — ఆగస్టు 19, రాత్రి 10:31

మీ అటకకు పది లక్షల ఏళ్లు గడువు ఇచ్చి చూడండి. :) ఒక్కసారి పడింది కాదు. కొన్నాళ్లు దుమ్ము పడుతుంది, తర్వాత గడ్డి మొలిచి మట్టి కుదురుకుంటుంది, మళ్లీ దుమ్ము. రోడ్డు కోసం గుట్ట కోసినచోట పాత నేలలు ఒకదాని మీద ఒకటి పొరలుగా కనిపిస్తాయి.

నిలువుగీత — ఆగస్టు 20, ఉదయం 6:55

రాత్రి కూర్చుని చదివాను. బసాల్ట్ విషయంలో నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. నా తరఫున ఒక ముక్క చేరుస్తాను: కౌంటీలో అన్ని గుట్టలూ దుమ్ము గుట్టలు కావు. స్టెప్టో బ్యూట్ అనే 3,612 అడుగుల శిఖరం క్వార్ట్‌జైట్ రాయి. లావా చుట్టూ ముంచెత్తినా మునగకుండా నిలిచిన పాత కొండ కొన. అలా లావా సముద్రంలో దీవిలా మిగిలిన కొండను ప్రపంచంలో ఎక్కడున్నా భూగర్భ శాస్త్రంలో ‘స్టెప్టో’ అనే పిలుస్తారు.

పడమటి గాలి — ఆగస్టు 20, ఉదయం 8:30

ఈ చర్చ చూసి ప్రాణం లేచొచ్చింది. అక్కడ చదువుకునే రోజుల్లో ఒక వేసవి కోతల్లో ధాన్యం లారీ నడిపాను. నా యజమానిది మూడు తరాల సేద్యం, రెండు వేల ఎకరాల పైన. అక్కడ అదేమీ పెద్ద రైతు కింద లెక్క కాదు.

అక్కడి కోత యంత్రాలు వాలు మీద పక్కకు వంగిపోకుండా కట్టినవి. చక్రాలు ఒకటి పైన ఒకటి కింద నడుస్తుంటే యంత్రం ఒళ్లు మాత్రం నేరుగా నిలబడి ఉంటుంది. లేకపోతే గింజంతా ఒక పక్కకు చేరి పొట్టుతో పాటు బయటికి పోతుంది. మొదటిరోజు యజమాని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎదురుగా తెర మీద దిగుబడి అంకె మారుతూ ఉంటుంది. ఈశాన్యం వైపు వాలులో, మోకాటి దగ్గర, ఎకరాకు 100 బుషెళ్లు దాటింది. నెత్తికెక్కేసరికి 40కి పడిపోయింది. నేను తెర చెడిపోయిందనుకున్నాను. ఆయన నవ్వి, కిందికి దిగి ఒక గడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు. పసుపురంగు, ఇటుకముక్కలా గట్టిది. బూటుతో తొక్కితే పగల్లేదు. ‘మా తాత ఇక్కడ కూడా నల్లమట్టే దున్నాడు’ అన్నాడు.

తెలియనివారికి: గోధుమ బుషెల్ అంటే 27 కిలోలు. 100 బుషెళ్లంటే ఎకరాకు 27 క్వింటాళ్లు, ఒక్క తడి పెట్టకుండా.

విశ్రాంతి — ఆగస్టు 20, ఉదయం 9:05

పడమటి గాలి గారూ, నేను చూసిన పసుపు నెత్తి అదేనన్నమాట. మరి ఆ నల్లమట్టి ఎటు పోయింది? ఈశాన్యం వైపు ఎందుకు బాగా పండుతుంది? మృత్తిక గారు ఓపిక చేసుకోవాలి.

మృత్తిక — ఆగస్టు 20, రాత్రి 9:10

ఈశాన్యం సంగతి ముందు. శీతాకాలంలో నైరుతి గాలి గుట్ట నెత్తి మీది మంచును ఊడ్చి అవతలి వాలులో పోస్తుంది. నెత్తికి మంచు దక్కదు, ఈశాన్యపు ఒడిలో కుప్ప పడుతుంది. పైగా అటు ఎండ తక్కువ. నీరు ఎక్కువ ఇంకుతుంది, పూర్వం గడ్డి ఒత్తుగా పెరిగింది, మట్టి నల్లబడింది. పటాల్లో పలూస్, థాటునా, గార్‌ఫీల్డ్ అని వేర్వేరు నేలల పేర్లు ఉంటాయి. ఒక్క గుట్ట మీదే ఇవి పక్కపక్కన రావచ్చు. థాటునా సాధారణంగా ఉత్తరపు వాలుది, వసంతంలో అడుగు పొర మీద నీరు నిలిచి కొంచెం చిత్తడిగా ఉంటుంది. గార్‌ఫీల్డ్ మీరు చూసిన నెత్తి. ఆ బంకమట్టి బుర్రలను రైతులు ‘క్లే నాబ్’ అంటారు.

ఆ పసుపు బంకమట్టి కొత్తగా వచ్చింది కాదు. ఎప్పటినుంచో అడుగునే ఉంది, పైదుప్పటి లాగేసేసరికి బయటపడింది. 1870ల తర్వాత గడ్డి దున్నేశారు. ఇప్పుడు అసలైన పలూస్ గడ్డి మైదానం ఒక శాతం కూడా మిగల్లేదు. దున్నిన నేల చలికి గడ్డకడుతుంది. జనవరిలో, ఫిబ్రవరిలో ఒక్కసారి వెచ్చబడి వాన పడితే పైన రెండు అంగుళాలు కరిగి బురద అవుతుంది, కింద మంచుగడ్డ అలాగే ఉంటుంది. నీరు ఇంకే దారి లేదు. ఆ బురద గుట్ట మీద నుంచి జారి కాలువలు కడుతుంది. నేను చూసిన ఒక ఫిబ్రవరిలో రోడ్డు పక్క కాలువలో పారింది నీళ్లు కావు, పాలు ఎక్కువైన కాఫీ.

అమెరికా వ్యవసాయ శాఖ 1978లో లెక్క వేసింది. 1939 నుంచి సగటున ఏటా ఎకరాకు 14 టన్నుల మట్టి కొట్టుకుపోయిందని తేలింది. సాగుభూమిలో 10 శాతం చోట అసలు పైమన్ను మొత్తం పోయింది, మరో 60 శాతం చోట పావు వంతు నుంచి ముప్పావు వంతు దాకా పోయింది. గాలి లక్షల ఏళ్లు తెచ్చిన దాన్ని నీరు వందేళ్లలో పట్టుకుపోయింది.

రేగడి రైతు — ఆగస్టు 21, ఉదయం 6:30

చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. వాలుకు అడ్డంగా గట్టు వేయాలని మా ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అంత చదువుకున్న రైతులకు అది తట్టలేదా?

పడమటి గాలి — ఆగస్టు 21, ఉదయం 8:12

తట్టకేం బాబాయ్ గారూ. కానీ ఆ గుట్టలు ఒక దిక్కుకు వాలవు, నాలుగు దిక్కులకూ మెలికలు తిరుగుతాయి. ముప్పై నలభై అడుగుల వెడల్పు యంత్రాలు గట్ల మధ్య తిరగలేవు. కొందరు గట్లు వేశారు, కొందరు ఒకే గుట్ట మీద గోధుమ పట్టీ, బఠానీ పట్టీ మార్చి మార్చి వేస్తారు. ఇప్పుడు ఎక్కువ మాట దున్నకుండా విత్తడం గురించే. పాత మోడు అలాగే ఉంచి, దాని మధ్య గాటు పెట్టి గింజ, ఎరువు దించుతారు. నా యజమాని ఆ పద్ధతికి మారి పదేళ్లు అయింది. వసంతంలో పక్క పొలంలో కాలువలు కట్టాయి, ఈయన పొలంలో మోడు తడిసి నిలబడి ఉంది, అంతే.

నిలువుగీత — ఆగస్టు 21, ఉదయం 11:40

దున్నకపోతే అన్నీ తీరిపోయినట్టు రాస్తున్నారు. ఆ ప్రాంతపు నేలలు పులిసిపోతున్నాయనీ, దున్నని పొలాల్లో అది ఒకచోట పేరుకుంటుందనీ చదివాను. దీని మీద ఎవరూ మాట్లాడరేం?

మృత్తిక — ఆగస్టు 21, రాత్రి 9:30

ఈసారి మీరు సరైన చోట పట్టుకున్నారు. దశాబ్దాలుగా అమ్మోనియా రకపు నత్రజని ఎరువులు వేశారు. అది నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం విడుదలవుతుంది. గడ్డి కింద దాదాపు తటస్థంగా ఉన్న మట్టి చాలా పొలాల్లో ఉదజని సూచిక (పీహెచ్; 7 తటస్థం, తగ్గేకొద్దీ పులుపు) 5 దగ్గరకు దిగింది. మసూర్‌కు 5.6, బఠానీకి 5.5, గోధుమకు 5.2 కంటే తగ్గితే దిగుబడి పడుతుందని అక్కడి పాత ప్రయోగాలు చూపాయి. అంటే ముందు పప్పుధాన్యాలే మూలుగుతాయి. ఆమ్లం పెరిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేళ్ల కొసలను కాల్చేస్తుంది. పీకి చూస్తే వేళ్లు పొట్టిగా, మొద్దుగా ఉంటాయి.

దున్నని పొలంలో ఎరువు ఏటా అదే లోతులో పడుతుంది కాబట్టి మూడు నుంచి ఆరు అంగుళాల మధ్య ఒక పుల్లటి పొర తయారవుతుంది. పైన బాగుంటుంది, కింద బాగుంటుంది, నడుమ ఆ పొర. అడుగు లోతు మట్టి మొత్తం కలిపి పరీక్షకు పంపితే సగటు బాగానే వస్తుంది, రోగం దొరకదు. మూడేసి అంగుళాలు విడిగా తీయాలి. సున్నం వేస్తే కుదురుతుంది, కానీ పైన చల్లితే లోపలికి దిగడానికి ఏళ్లు పడుతుంది. కలపాలంటే దున్నాలి, దున్నితే మట్టి కొట్టుకుపోవడం మొదలు. నన్నడిగితే ఆ కోత కంటే పులుపే నయం. పులిసిన నేలకు సున్నం వేసుకోవచ్చు, కొట్టుకుపోయిన నేలకు ఏం వేస్తాం?

చిట్టి — ఆగస్టు 21, రాత్రి 9:52

గోధుమ, బఠానీ, మసూర్ అన్నారు. ఇంకేం పండుతాయి? వరి, పత్తి, మొక్కజొన్న పండవా?

పడమటి గాలి — ఆగస్టు 22, ఉదయం 7:45

పండవు. ఎండాకాలం పొడి, రాత్రి చలి. మొక్కజొన్నకు కావలసిన వేసవి వాన లేదు. గోధుమలోనూ అక్కడ ఎక్కువగా పండేది మెత్తటి తెల్లరకం, మాంసకృత్తులు తక్కువ. రొట్టె పొంగడానికి పనికిరాదు, కేకులకు, బిస్కట్లకు, నూడుల్స్‌కు వాడతారు. చాలావరకు స్నేక్ నది రేవుల్లో పడవలకెక్కి, పోర్ట్‌లాండ్ మీదుగా జపాన్, ఫిలిప్పీన్స్ లాంటి దేశాలకు పోతుంది. బార్లీ ఉంది, పెద్ద తెల్ల శనగ ఉంది, పసుపు పూల కనోలా అనే నూనెగింజ పెరుగుతోంది. మసూర్ 1916 ప్రాంతంలో ఫార్మింగ్‌టన్ దగ్గర మొదలైందట. పుల్‌మన్‌లో 1989 నుంచి ఏటా మసూర్ పండగ కూడా చేస్తున్నారు.

మసూర్ కోత ఒక శిక్ష. మొక్క జానెడే, కాయలు నేలకు ఆని ఉంటాయి. అందుకని విత్తగానే బరువైన రోలరు తిప్పి నేల చదును చేస్తారు. లేకపోతే కోత కత్తికి గింజ కన్నా మట్టిగడ్డలే ఎక్కువ తగులుతాయి.

మృత్తిక — ఆగస్టు 22, మధ్యాహ్నం 1:20

పై దానికి ఒక చేర్పు. పంటను నిర్ణయించేది అక్కడ మట్టి కన్నా వాన. తూర్పున ఇదాహో రాష్ట్రం సరిహద్దు వైపు ఏడాదికి 20 అంగుళాలు దాటుతుంది. పడమర అంచుకు వెళ్లేసరికి 12–14 అంగుళాలే. తూర్పున ఏటా పంట: శీతాకాలపు గోధుమ, తర్వాత వసంతపు గోధుమో బార్లీయో, మూడో ఏడు పప్పుధాన్యం. పడమర ఒక ఏడాది పంట, ఒక ఏడాది బీడు, రెండేళ్ల వాన కలిపితే ఒక పంట. నేలల పేర్లు కూడా వానతో పాటే మారతాయి. తూర్పు నుంచి పడమరకు పలూస్, అథీనా, వాలావాలా, రిట్జ్‌విల్, ఒక్కొక్కటి ముందుదాని కన్నా లేత రంగు. ఇంకా పడమర కొన హిమయుగపు మహావరదలకు గీరుకుపోయింది. అక్కడ మట్టి లేదు, నల్లరాయి తేలి ఉంది, పశువులు మేస్తాయి.

నిలువుగీత — ఆగస్టు 22, సాయంత్రం 5:10

ఆ మట్టితో మనకూ ఒక బంధుత్వం ఉంది. పుల్‌మన్‌లో గోధుమ వంగడాల మీద పనిచేసిన ఆర్విల్ వోగెల్, జపాన్ నుంచి వచ్చిన నోరిన్ 10 అనే పొట్టి గోధుమను స్థానిక రకం బ్రెవర్‌తో సంకరం చేశారు. ఎరువు వేస్తే పొడుగు గోధుమ పడిపోయేది, పొట్టిది నిలబడింది. ఆ విత్తనాలు మెక్సికోలో గోధుమ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్‌కు చేరాయి. అక్కడ పుట్టిన పొట్టి రకాలే 1960లలో పంజాబ్ పొలాలకు వచ్చాయి. పుల్‌మన్ వైపు రైతుల కోసం వోగెల్ తెచ్చిన గెయిన్స్ రకం 1961లో విడుదలైంది. పొట్టి పైరు ఎక్కువ ఎరువు తట్టుకుంది, ఎక్కువ ఎరువు మట్టిని పులిపించింది. మృత్తిక గారి పుల్లటి పొరకు మొదలు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

చిట్టి — ఆగస్టు 22, రాత్రి 8:40

ఆ మట్టిలో మూడు అడుగుల తెల్ల వానపాము ఉంటుందని, లిల్లీ పూల వాసన వస్తుందని విన్నాను. నిజమేనా?

మృత్తిక — ఆగస్టు 22, రాత్రి 9:02

ఉంది. 1897లో దాన్ని మొదట వర్ణించారు, లిల్లీ వాసన మాట అప్పటినుంచి వస్తోంది. 2010లో ప్రాణంతో దొరికినవి అంత పొడుగూ లేవు, వాసనా లేదు. నాలుగేళ్లు తవ్వినా నాకు ఒక్కటీ కనబడలేదు, ఆ బాధ అలాగే ఉంది.

విశ్రాంతి — ఆగస్టు 25, ఉదయం 7:20

అందరికీ ధన్యవాదాలు. మట్టి ఒక డబ్బా తెచ్చుకుందామనుకున్నాను, సరిహద్దులు దాటించకూడదని అమ్మాయి కోప్పడింది. ఇప్పుడు మీ రాతలన్నీ తనకు పంపాను. రైతును అడిగి, గుట్ట నెత్తి నుంచి ఒక దోసెడు, పల్లం నుంచి ఒక దోసెడు తెచ్చి రెండు గాజు సీసాల్లో నీళ్లు పోసి కుదిపి కిటికీలో పెట్టిందట. ఫోటో పంపింది. పల్లపు సీసాలో అడుగున మట్టి పేరుకుంది, పైన నీరు తేరుకుంది, పైభాగాన నల్లటి గడ్డివేళ్ల తునకలు తేలుతున్నాయి. నెత్తి మట్టి సీసా మూడో రోజుకు కూడా పలచని మజ్జిగలా అలాగే ఉంది.